మందలో తలలెన్ని, వంశములెన్ని?

“ఆవు చేలో మేయగా దూడ గట్టున మేయునా” యని మన పెద్దలు తరచుగా ననుచుందురు. ఈ సామెతను మనము పిల్లల నడవడినిగూర్చి వాడుదుము. కాని పశువుల విషయముననే దీనిని పరిశీలించినచో అందొక శాస్త్రప్రశ్న యిమిడియున్నది. తల్లినుండి దూడకు సంక్రమించునదేమి? తండ్రినుండి వచ్చునదేమి? ఒకే ఆబోతు వేలకొలది దూడలకు తండ్రియైనచో ఆ మంద గతి యేమగును? హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో పాడిపై నాధారపడిన తెలుగు కుటుంబములు మెండు. కావున ఈ ప్రశ్న మన పాఠశాల పత్రికలో చర్చింపదగినదే యని నా తలంపు.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. పశుజాతి సంపద తలల లెక్కలో లేదు. ఒక్క ఆబోతు కీర్తిలోను లేదు. ఆ జాతిలో ఎన్ని వేర్వేరు వంశములు సజీవముగ నిలిచియున్నవో, దానిలోనే యున్నది. ఈ సంగతి కంటికి కనబడదు. నేడు జన్యుచిహ్నముల పరీక్ష దానిని చూపగలుగుచున్నది. అయితే ఆ పరీక్షను మేలైన ఆబోతు నెన్నుకొనుటకు మాత్రమే వాడి, వంశముల విస్తారమును కాపాడుటకు వాడకున్నచో, మేలు చేయవలసిన విద్యయే జాతికి చేటు తెచ్చును.

విద్యార్థులారా, కాగితము తీసికొని ఈ చిన్న లెక్క చేయుడు. ఒక ప్రాంతములో వేయి ఆవులు, ఐదు ఆబోతులు ఉన్నవనుకొనుడు. పుట్టబోవు దూడలన్నిటికిని సగము సంపద తల్లులనుండియు, సగము తండ్రులనుండియు వచ్చును. ఆ రెండవ సగమంతయు ఐదింటినుండియే రావలెను గదా! ఇట్టి మంద నిజమైన వెడల్పును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఒక సూత్రము చెప్పిరి. ఆవుల సంఖ్యను ఆబోతుల సంఖ్యతో గుణించి, దానిని నాలుగింతలు చేసి, రెండింటి మొత్తముతో భాగింపవలెను. 4 × 1000 × 5 అనగా 20,000. దానిని 1005తో భాగించినచో దాదాపు 20 వచ్చును. అనగా చూచుటకు వేయికి పైబడిన మంద, వంశవిస్తారములో ఇరువది తలల మందతో సమానము! దీనిని ప్రభావసంఖ్య యందురు. ఆబోతులను ఐదునుండి ఇరువదియైదునకు పెంచి మరల లెక్కించుడు. ప్రభావసంఖ్య దాదాపు 98 అగును. ఆవు ఒక్కటియు పెరుగలేదు. ఇరువది ఆబోతులు చేరుటచేతనే మంద వెడల్పు ఐదింతలైనది. ఈ సంఖ్య 50కి తగ్గరాదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సలహా.

ఇరుకు కలిగినచో నష్టమేమని యడుగవచ్చును. ప్రతి పశువునందును ప్రతి జన్యువునకు సాధారణముగ రెండు ప్రతులుండును. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. ఒక ప్రతిలో లోపమున్నను పెక్కు సందర్భములలో రెండవది పని నెరవేర్చును. లోపము మరుగున పడియుండును. తల్లిదండ్రులు దగ్గరి చుట్టములైనచో, ఒకే పూర్వునినుండి బయలుదేరిన లోపపు ప్రతి రెండు దారుల వెంట వచ్చి ఒకే దూడను చేరవచ్చును. అప్పుడు మరుగు తొలగి లోపము బయటపడును. చూడి నిలువకపోవుట, ఈచుకపోవుట, దూడ బలహీనముగ పుట్టుట, పాలు తగ్గుట మొదలైనవి ఇట్లు కలుగవచ్చును. దగ్గరి చుట్టముల కలయికను అంతఃప్రజననమందురు. 1922లో సీవాల్ రైట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని కొలుచుటకు ఒక గుణకము నేర్పరచెను. ఆబోతును దాని కూతురితోనే దాటించినచో పుట్టు దూడకు ఈ గుణకము నూటికి 25. తండ్రి యొకటియై తల్లులు వేరైన రెండు పశువులను కలిపినచో 12.5.

అంతఃప్రజననము కేవలము పాపమని నేను చెప్పుటలేదు. ఇంగ్లండు దేశములో పదునెనిమిదవ శతాబ్దమున రాబర్ట్ బేక్‌వెల్ అను రైతు దగ్గరి చుట్టములను కలిపియే గొర్రెలలోను పశువులలోను తాను కోరిన గుణములను స్థిరపరచెను. పేరుగన్న పెక్కు జాతులు ఇట్టి పద్ధతిచే రూపుదాల్చినవే. కాని కత్తి యెంత వాడియైన నంత జాగ్రత్త వలయును. ఎచ్చట ఆపవలెనో తెలియుటకు కొలత కావలెను. ఆ కొలత చిరకాలము వంశవృక్షముల పుస్తకములలో మాత్రమే దొరకెడిది. మన గ్రామములలో ఆవుకు పేరుండును గాని, దాని తాత పేరు వ్రాసియుంచిన ఇల్లు అరుదు.

జన్యుచిహ్నముల ప్రయోజనము ఇచ్చటనే తెలియును. ఆవు జీవకణములో ముప్పది జతల క్రోమోసోములు కలవు. తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చిన ప్రతిని అక్షరములుగ భావించినచో అందు సుమారు 270 కోట్ల అక్షరములుండును. వీనిలో అత్యధికభాగము ఆవులన్నిటికి సమానము. అక్కడక్కడ మాత్రము ఒక ఆవునకు ఒక అక్షరము, మరియొక ఆవునకు వేరొక అక్షరము కనబడును. అట్టి చోట్లే చిహ్నములు. ఏబదివేలకు పైబడిన చిహ్నములను ఒక్కమారు చదువగల చిప్పులు 2008 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినవి. రక్తపు చుక్కయో, వెండ్రుకల కుదుళ్లో చాలును; ఏ చోట రెండు ప్రతులు ఒక్కటే, ఏ చోట భిన్నము అను సంగతి తెలియును.

ఇందొక చక్కని యుక్తి కలదు. రెండు ప్రతులు ఎడతెగక ఒకే విధముగ సాగు పొడవైన ఖండములను శాస్త్రజ్ఞులు వెదకుదురు. తరతరమునకు క్రోమోసోములు తునిగి, ముక్కలు మార్చుకొని, మరల అతుకుకొనును. కావున ఒక పూర్వునినుండి వచ్చిన ఖండము తరములు గడచినకొలది పొట్టియగును. కోటి అక్షరముల పొడవుగల ఖండము కనబడినచో, సుమారు ఐదు తరముల వెనుక తల్లివైపునను తండ్రివైపునను ఒకే పూర్వుడుండెనని ఊహింపవచ్చును. పది లక్షల పొడవైనచో ఏబది తరముల నాటి మాట. అనగా వంశవృక్షము ఎవరును వ్రాయకున్నను, ఆవు తన చరిత్రను తన మేనిలోనే వ్రాసికొనియున్నది. ఒక సంగతి మాత్రము మరువరాదు. వంశవృక్షము ఒకే తల్లిదండ్రుల రెండు దూడలకు ఒకే అంకె చెప్పును. చిహ్నములు ఏ దూడకు నిజముగ ఎంత వచ్చినదో వేరువేరుగ చెప్పును.

ఈ విద్య యెంతటి రహస్యమును వెలికి తీసెనో ఒక్క ఉదాహరణము చాలును. మన ప్రాంతమున నలుపు తెలుపు మచ్చల సంకరజాతి ఆవులు ఇంటింట నున్నవి. వీనిలోని పరదేశపు రక్తము హోల్‌స్టీన్ జాతిది. అమెరికాలో 1962లో ఈ జాతియందు చీఫ్ అను ఆబోతు పుట్టెను. దాని కూతుళ్లు సమృద్ధిగ పాలిచ్చుటచే దాని వీర్యము దేశదేశములకు పోయెను. దానికి కూతుళ్లే పదియారువేలు. మనుమరాండ్రు ఐదు లక్షలు. అమెరికాలోని హోల్‌స్టీన్ జాతి జన్యుసంపదలో నూటికి సుమారు 14 పాళ్లు ఆ యొక్క ఆబోతుదేయని శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

2011లో శాస్త్రజ్ఞులు వేలకొలది హోల్‌స్టీన్ పశువుల చిహ్నములను పరిశీలించుచు ఒక వింతను కనుగొనిరి. ఒకానొక క్రోమోసోము ఖండము ఒక ప్రతిగ ఎన్నో పశువులలో నున్నది. రెండు ప్రతులుగ ఏ సజీవ పశువునందును లేదు. లెక్కప్రకారము కొన్నియైన నుండవలసినవి. అవి యేమైనవి? పుట్టకముందే గర్భమున నశించినవి. ఆ లోపము చీఫ్‌నుండియే వ్యాపించెనని తేలినది. పిండము పెరుగుటకు అవసరమైన ఒక జన్యువులో ఒక్క అక్షరము మారుటయే దానికి కారణము. ఆ యొక్క అక్షరముచే లోకమున ఐదు లక్షలకు పైగా గర్భములు పోయినవనియు, నష్టము 42 కోట్ల డాలర్లనియు 2016లో అంచనా వేసిరి. అదే ఆబోతువలన పాల దిగుబడిలో కలిగిన లాభము 3000 కోట్ల డాలర్లని కూడ వారే చెప్పిరి. న్యాయముగ రెండును చెప్పవలెను. చీఫ్ చెడ్డ ఆబోతు కాదు. లోపము లేని పశువు లోకమున లేదు. ఒక్కదానినే అన్నిటికి తండ్రిని చేయుట మాత్రమే తప్పు.

లోపము దొరకెను గదా, ఇక భయమేల యనువారుండవచ్చును. నిజమే, ఆ లోపమును మోయు ఆబోతులను నేడు గుర్తించి, మోయు ఆవులతో కలుపకుండ నివారించుచున్నారు. ఇది చిహ్నములవలన కలిగిన గొప్ప మేలు. కాని నాణెమునకు రెండవ ముఖము కూడ కలదు. 2009లో అమెరికా ప్రభుత్వము జన్యుచిహ్నముల ఆధారముతో ఆబోతుల యోగ్యతను ప్రకటించుట మొదలిడెను. అంతకుముందు ఆబోతు మేలైనదని తెలియుటకు దాని కూతుళ్లు పెరిగి, ఈని, పాలిచ్చువరకు ఏండ్లు వేచియుండవలసినది. ఇప్పుడు పుట్టిన దూడ చిహ్నములను చూచియే నిర్ణయించుచున్నారు. తరములు వేగముగ మారుచున్నవి. పాలు వేగముగ పెరిగినవి. వానితోపాటు అంతఃప్రజననము కూడ వేగముగ పెరిగినది. అందరును ఒకే పట్టికలో మొదటి పది పేర్లను కోరుదురు. ఆ పదియు తరచుగ నొకదానికొకటి అన్నదమ్ములో మేనమామ మేనల్లుళ్లో అగును. ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకు వాడు హోల్‌స్టీన్ ఆబోతులను పరిశీలింపగా, దాదాపు అన్నియు 1960 దశకమున పుట్టిన రెండు ఆబోతుల పితృవంశమునకే చెందినవని తేలినది. ఆ రెంటిలో చీఫ్ ఒకటి.

పరదేశపు కథ మనకేల యనుకొనవలదు. మన ఒంగోలు జాతి చరిత్రను చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున మన తూర్పుతీరమునుండి కొన్ని పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరినవి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో నుండుటచే వారు ఆ జాతికి నెలోరు అను పేరిడిరి. 1960 దశకపు మొదటి యేండ్లలో చివరి విడత పశువులు పోయినవి. వానిలో ఒంగోలు సమీపమునగల కరవది గ్రామపు పేరును ధరించిన కర్వాది యను ఆబోతు అక్కడ మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. నేడు బ్రెజిల్‌లో పశువుల సంఖ్య 20 కోట్లు దాటినది. వానిలో మాంసమునకై పెంచు మందలలో నెలోరు రక్తమే ప్రధానము. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయమే. కాని మనదేశమునుండి అక్కడికి పోయిన పశువులు కొన్ని వేలు మాత్రమే. వానిలోను పేరుగన్న ఆబోతులు వ్రేళ్లపై లెక్కింపదగినవి. కోట్ల తలల వెనుక పిడికెడు తండ్రులున్నారు. అక్కడి శాస్త్రజ్ఞులు చిహ్నముల సహాయమున నెలోరు మందల అంతఃప్రజననమును కొలుచుచు జాగ్రత్తపడుచున్నారు. స్వదేశమున ఒంగోలు ఆవులు బ్రెజిల్ మందలకంటె ఎంతో కొద్ది. అయినను ఊరూర వేర్వేరు ఇండ్లలో పెరిగిన వంశములు ఇచ్చట మిగిలియున్నచో, అవి తలల లెక్కకు అందని ధనము.

చిన్నజాతుల విషయమున ప్రమాదము మరింత సమీపము. మన సరిహద్దు కావలనే పుట్టిన పుంగనూరు ఆవు పొట్టిదనముచే నేడు ధనికుల ముచ్చటయైనది. పొట్టిదనమునకే వెల కట్టినచో, మిక్కిలి పొట్టివైన కొద్ది ఆబోతులకే దూడలు పుట్టును. పాలు, ఈనుట, ఆరోగ్యము అను గుణములు వెనుకబడును. ధర్మపురి వైపున పుట్టిన ఆలంబాడి జాతి అంతకంతకు తరిగిపోవుచున్నది. ఇట్టి జాతులను కాపాడుటయనగా తలలు పెంచుటయే కాదు. మిగిలిన వంశములలో ఏదియు ఆరిపోకుండ చూచుట.

ఇందుకు ప్రతిగ ఒక వాదము వినబడును. ఇంగ్లండు ఉత్తరభాగమున చిల్లింగ్‌హామ్ అను చోట తెల్లని అడవి పశువుల మంద మూడువందల యేండ్లకు పైగా బయటి రక్తము లేక జీవించుచున్నది. 1947 నాటి మంచులో పదమూడు మాత్రమే మిగిలి, మరల వృద్ధిపొందినవి. చిహ్నముల పరీక్షలో వాని జన్యుసంపద యందు భేదములు అత్యల్పమని తేలినది. “అవి బ్రతుకలేదా?” యని యడుగుదురు. బ్రతికినవి. కాని అట్టి మూతబడిన మందలు అదే దేశమున కొన్ని నశించినవి కూడ. నదిలో పడిన పదిమందిలో ఒడ్డు చేరిన యొక్కని చూపి, ఈత అక్కరలేదనుట వివేకము కాదు. పైగా ఆ అడవిమందను ఎవరును పాలు పితుకరు. వానిపై ఏ సంసారమును ఆధారపడలేదు.

మరియొక మాట మన వంటి అల్పసంఖ్యాకులు గమనింపదగినది. మొదటి చిప్పులు ప్రధానముగ ఐరోపా జాతులలో భేదము కనబడిన చోట్లను ఏరి తయారైనవి. వానితో మన గంగడోలు, మూపురముగల పశువులను పరీక్షించినచో, ఆ చోట్లలో భేదము తక్కువగ కనబడును. మన జాతులు బీదవని తప్పుడు తీర్పు వచ్చును. బీదతనము ఆవులో లేదు, కొలబద్దలో నున్నది. పొరుగుభాష ప్రశ్నపత్రముతో మన బిడ్డ తెలివిని కొలిచినచో ఏమగునో మనకు తెలియనిది కాదు. ఈ లోపమును తీర్చుటకు హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో ఇండిగౌ అను చిప్పును రూపొందించెను. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు మొదలగు స్వదేశీజాతులకై ఏర్పడిన దీనిలో 11,496 చిహ్నములున్నవి. 2024లో ఆవులకు గౌచిప్, గేదెలకు మహిష్‌చిప్ అను చిప్పులు కూడ వెలువడినవి. ఇది సంతోషింపదగిన పని.

అయితే చిప్పు ఉన్నంతనే పని ముగియదు. చిప్పునకు పాలు తెలియవు. ఏ చిహ్నములు గల ఆవు ఎన్ని లీటర్లు ఇచ్చినది, ఎప్పుడు ఈనినది, ఎన్నిమార్లు చూడి నిలువలేదు అను సంగతులు వేల ఆవులవి వ్రాసియిచ్చినప్పుడే అది యోగ్యతను చెప్పగలదు. వ్రాయువారు లేనిచో పరీక్షాగారము ఎంత గొప్పదైనను కన్నులు లేని అద్దమే. వ్రాయవలసినది దొడ్డిలో; దొడ్డికి దగ్గరగ నున్నవారు మీరు.

కావున నేను రెండు కోరికలు కోరుచున్నాను. మొదటిది వీర్యకేంద్రములను నడుపువారికి. ప్రతి ఆబోతును పాలకొరకే కాక బంధుత్వము కొరకు కూడ చిహ్నములతో పరీక్షింపవలెను. ఒకే ఆబోతు వీర్యమును ఒకే ప్రాంతమునకు ఏండ్ల తరబడి పంపరాదు. ఆబోతు సంఖ్య, దాని తల్లిదండ్రుల వివరములు సరిహద్దు గ్రామములలో ఆ ఊరివారు చదువు భాషలలో, అనగా తమిళము, కన్నడములతోపాటు తెలుగులోను, పశువైద్యశాల గోడపై నుంచవలెను.

రెండవది మీకు. తల్లిదండ్రులారా, ఆవు ఎదకు వచ్చినప్పుడు వైద్యసహాయకుని పిలిచి గర్భధారణ చేయించుచున్నారు. వారు తెచ్చు సన్నని వీర్యపు నాళికపై ఆబోతు సంఖ్య అచ్చువేసియుండును. పని ముగియగానే దానిని పారవేయుదుము. దానిని పారవేయకముందు మీ పిల్లలకు చూపుడు. విద్యార్థులారా, ఒక నూరుపుటల పుస్తకము కుట్టుకొనుడు. ఒక్కొక్క ఆవునకు ఒక పుట. ఆవు చెవిబిళ్లపై నుండు పండ్రెండంకెల సంఖ్య, గర్భధారణ జరిగిన తేది, ఆబోతు సంఖ్య, ఈనిన తేది, పెయ్యయో కోడెయో, నెలకొకనాడు కొలిచిన పాలు, ఇంతమాత్రము తెలుగులో వ్రాయుడు. ఆ పెయ్య పెరిగి ఎదకు వచ్చిన దినమున, దాని తల్లి పుటను తెరువుడు. తెచ్చిన నాళికపై అదే సంఖ్య యున్నచో, “అయ్యా, ఇది దీని తండ్రిదే, వేరొకటి వేయుడు” అని మర్యాదగ చెప్పుడు. నూటికి 25 పాళ్ల అంతఃప్రజననమును ఆపుటకు ఆ యొక్క మాట చాలును. దానికి చిప్పు అక్కరలేదు, వ్యయము లేదు. ఏ తరగతి బాలికయైనను చేయగలదు.

రేపు చిప్పు మన దొడ్డికి కూడ వచ్చును. అప్పుడు దానికి సమాధానము చెప్పగల ఆవులు, పుస్తకమున్న ఇండ్ల ఆవులే.